మంచు కొండ మీద ఆఫీసు మీటింగ్: ఒక స్కీ రిసార్ట్ గ్రూప్ సర్వీసు మీద నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తాను, ఐదుకి నాలుగు. అక్కడి మనుషులకీ, వాళ్ళ ప్లానింగ్‌కీ, కొండ మీద చేసిన ఏర్పాట్లకీ పూర్తి మార్కులు. పోయిన ఆ ఒక్క మార్కూ కాంట్రాక్టు వల్లా మీటింగ్ హాలు వల్లా పోయింది. రిసార్ట్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే మంచీ చెడూ రెండూ ఇలాంటి రిసార్ట్‌లు చాలావాటిలో ఎదురయ్యేవే, మీరు ఏది బుక్ చేసుకోబోతున్నా పనికొస్తాయి. మాది కంపెనీ ఏటా పెట్టుకునే ప్లానింగ్ మీటింగ్. ఎనభై మంది దాకా ఉన్నాం, అందులో సగానికి పైగా అంతకు ముందు కాళ్ళకి స్కీలు కట్టుకోనివాళ్ళే. రూములు, బస్సులు, హాలు, భోజనాలు, మంచు మీద కార్యక్రమాలు, అన్నీ చూసుకునే పని నాది.

మామూలు హోటల్లో మీటింగ్ పెడితే టైమ్ మొత్తం మన చేతిలోనే ఉంటుంది. స్కీ రిసార్ట్‌లో సగం టైమ్ కొండ చేతిలో ఉంటుంది. మనుషుల్ని తీగల మీద కొండపైకి చేర్చే లిఫ్టులు సాధారణంగా పొద్దున్న ఎనిమిదిన్నర, తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఆగిపోతాయి, చలికాలం కాబట్టి చీకటి తొందరగా పడుతుంది, గాలి ఎక్కువైతే లిఫ్టు మధ్యాహ్నమైనా ఆపేస్తారు. ఇదంతా లెక్కలో పెట్టుకుని మీ మీటింగ్‌ని దాని చుట్టూ అమర్చగలిగే గ్రూప్ టీమ్ ఉందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు విషయం. హాలు ఎంత పెద్దది, లాబీ ఎంత అందంగా ఉంది, రూమ్‌లోంచి కొండ కనిపిస్తుందా, ఇవన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడి కో-ఆర్డినేటర్ నాకు నచ్చింది మొదటి ఫోన్ కాల్‌లోనే. మిగతా చోట్ల "ఎన్ని రూములు, ఏ తేదీలు, బడ్జెట్ ఎంత" అని మొదలుపెట్టారు. ఈవిడ మాత్రం "మీలో స్కీ చెయ్యనివాళ్ళు ఎంతమంది, అసలు చెయ్యడం ఇష్టం లేనివాళ్ళు ఎంతమంది" అని విడివిడిగా అడిగింది. నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు వేరు, వద్దనుకునేవాళ్ళు వేరు కదా, రెండో రకం వాళ్ళని బలవంతంగా మంచు మీదకి పంపితే వాళ్ళకీ ఇబ్బందే, నేర్పేవాళ్ళకీ ఇబ్బందే. ఆ ఒక్క ప్రశ్నతో మా కార్యక్రమం మొత్తం మారిపోయింది.

టైమ్‌టేబుల్ ఆవిడ వేసిందే. పొద్దున్నే టిఫిన్ అవ్వగానే ఏడున్నరకి సీరియస్ సెషన్, పదిన్నరకి ముగింపు, అక్కడి నుంచి మూడింటి దాకా మంచు మీద, మళ్ళీ నాలుగున్నరకి రెండో సెషన్. పొద్దున్న తొలి గంటల్లో మంచు గట్టిగా, జారుడుగా ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కొంచెం ఎండ పడ్డాకే నయం, ఆ టైమ్‌ని మీటింగ్‌కి వాడుకుంటే ఎవరికీ నష్టం లేదు. మూడింటికీ నాలుగున్నరకీ మధ్య ఖాళీ ఎందుకు అని మా డైరెక్టర్ గారు అడిగారు. ఆ గంటన్నరలో బూట్లు విప్పాలి, సామాను తిరిగి ఇవ్వాలి, స్నానం చెయ్యాలి, ఏదో ఒకటి తినాలి. చలిలో కష్టపడి వచ్చిన మనిషిని నేరుగా వెచ్చటి హాలులో కూర్చోబెడితే నిద్ర ముంచుకొస్తుంది. రెండో సెషన్‌లో స్లైడ్లు పెట్టొద్దు, చిన్న గ్రూపుల్లో మాట్లాడుకునేవే పెట్టండి అని కూడా ఆవిడే చెప్పింది, ఆ మాట విన్నందుకు మీటింగ్ నిజంగా బాగా జరిగింది. పనికొచ్చే నిర్ణయాలన్నీ ఆ సాయంత్రం సెషన్లలోనే వచ్చాయి.

కొండ ఊళ్ళో సీరియస్ మీటింగ్ ఎలా అవుతుంది, అందరూ ఆటల మీదే ఉంటారు కదా అనే అనుమానం చాలామందికి ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని దావోస్ చూడండి, 1560 మీటర్ల ఎత్తున్న స్కీ ఊరు, ఇప్పుడు వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ అని పిలుస్తున్న సంస్థ 1971 నుంచి తన వార్షిక సమావేశాలు దాదాపు అన్నీ అక్కడే పెడుతూ వస్తోంది. ఊరు చిన్నది కాబట్టి వచ్చినవాళ్ళు చెల్లాచెదురు అవ్వరు, భోజనానికైనా నడకకైనా ఒకళ్ళకొకళ్ళు తగులుతూనే ఉంటారు. మా చిన్న గుంపులో కూడా అదే జరిగింది, వేరే వేరే ఆఫీసుల్లో పనిచేస్తూ ఈమెయిల్‌లో తప్ప పరిచయం లేనివాళ్ళు గొండోలా, అంటే తీగ మీద కొండెక్కే మూసిన లిఫ్టు, దాని క్యాబిన్‌లో పక్కపక్కన కూర్చుని పావుగంట మాట్లాడుకున్నారు.

ఎత్తు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలుగా 2500 మీటర్లు దాటాక మొదలవుతాయని చెబుతారు, కానీ కొంతమందికి అంతకన్నా కిందే ఇబ్బందిగా ఉంటుంది. సముద్రమట్టానికి దగ్గరున్న ఊళ్ళ నుంచి విమానంలో వచ్చి అదే రోజు కొండెక్కే గుంపుకి మొదటి రాత్రి కష్టమే. మాకు మొదటి సాయంత్రం పెద్ద కార్యక్రమం ఏదీ పెట్టనివ్వలేదు. తేలికపాటి భోజనం, ప్రతి బల్ల మీద నీళ్ళు, మద్యం తగ్గించమని ముందే ఒక మాట, తొమ్మిదికల్లా అందరూ రూములకి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్ళూ గర్భిణులూ బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగమని పంపిన ఈమెయిల్‌లో స్పష్టంగా రాశారు. మీ రిసార్ట్ ఆ మాట చెప్పకపోతే మీరే చెప్పండి.

ఇక సామాను అద్దెకి ఇచ్చే విభాగం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగ్ అనే బిగింపు ఉంటుంది, పడినప్పుడు అది సరైన సమయానికి ఊడాలి, లేకపోతే మోకాలో కాలో పోతుంది, అలాగని ఊరికే ఊడిపోయినా ప్రమాదమే. దాన్ని ఎంత బిగించాలనేది మనిషి ఎత్తు, బరువు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత వేగంగా స్కీ చేస్తారు అన్నవాటిని బట్టి లెక్క కడతారు. అంటే ప్రతి ఒక్కరూ నిజమైన బరువు చెప్పాలి. ఇప్పుడు ఆలోచించండి, ఆఫీసులో ఒక ఎక్సెల్ షీట్ తిప్పి అందరూ మీ బరువు రాయండి అంటే ఎంతమంది నిజం రాస్తారు? వీళ్ళు ఆ పని నాకు వదల్లేదు. ప్రతి మనిషికీ వేరే లింకు పంపారు, ఆ వివరాలు నేరుగా అద్దె విభాగానికే వెళ్ళాయి, నాకు కనిపించింది ఎవరు నింపారు, ఎవరు నింపలేదు అన్నది మాత్రమే. ఎంత చిన్న విషయం, కానీ దాని వెనక ఎంత ఆలోచన ఉందో! మీరు వేరే చోట బుక్ చేస్తే ఈ ఒక్కటి అడిగి చూడండి, వాళ్ళ స్థాయి తెలిసిపోతుంది.

బూట్లు సరిచూడడం కూడా ముందు రోజు సాయంత్రమే, మా హోటల్ కింది అంతస్తులో, పేర్ల వరుస ప్రకారం చిన్న చిన్న గుంపులుగా చేశారు. పొద్దున్న అద్దె షాపు దగ్గర అంత పెద్ద గుంపుని నిలబెడితే ఆ పూట పోయినట్టే. సిబ్బంది ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా చెప్పారు: ఒక్క జత సాక్సే, అదీ పల్చటిదే వేసుకోవాలి, చలి అని రెండు జతలు వేస్తే బూటు నొక్కుకుని రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. నిలబడినప్పుడు వేళ్ళు బూటు ముందు భాగానికి కొంచెం తగలాలి, మోకాళ్ళు ముందుకి వంచితే వెనక్కి జరగాలి. మొదటిసారి వేసుకున్నవాళ్ళందరూ ఇంత బిగుతా అని భయపడ్డారు, బిగుతుగానే ఉండాలట. హెల్మెట్లు ప్యాకేజీలోనే కలిపి ఇచ్చారు, వేరే డబ్బులు అడగలేదు, అది నాకు బాగా నచ్చింది.

స్కీ వచ్చినవాళ్ళని గుంపులుగా విడదీసేటప్పుడు రంగులతో వచ్చే చిక్కు ఒకటుంది. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలికైన దారి, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. యూరప్‌లో నీలం అంటే తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం, కొన్ని దేశాల్లో నీలం కన్నా తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఇద్దరు వేరే వేరే చోట్ల నేర్చుకుని వచ్చి "నేను నీలం మీద బాగా చేస్తాను" అంటే ఇద్దరి స్థాయీ ఒకటి కాదన్నమాట. ఈ రిసార్ట్ ఫారమ్‌లో రంగులు అడగలేదు, మాటల్లో అడిగారు: ఆగడం వచ్చా, రెండు వైపులా తిరగడం వచ్చా, ఏటవాలు ఎక్కువైతే భయం వేస్తుందా అని. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎనిమిది మంది లోపే ఇచ్చారు. కొత్తవాళ్ళు తీగకి వేలాడే కుర్చీల చైర్‌లిఫ్ట్ ఎక్కకుండా, నేల మీద నెమ్మదిగా కదిలే మ్యాజిక్ కార్పెట్ బెల్టు మీదే మొదటి పూటంతా గడిపారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాల్లో ముఖ్యమైనది, కిందున్నవాళ్ళకే దారి హక్కు, పైనుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి అన్నది, పాఠం మొదలవ్వక ముందే అందరితో పైకి చెప్పించారు.

స్కీ వద్దన్నవాళ్ళకి చాలా చోట్ల "స్పా ఉంది కదా" అని వదిలేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. గొండోలాలో మధ్య స్టేషన్ దాకా వెళ్ళి రావడానికి నడిచేవాళ్ళ టికెట్, గైడ్‌తో చెట్ల మధ్య స్నోషూ (మంచులో కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి అట్టలు) నడక, స్లెడ్జ్ దారి, ఇవి కాక కొండ మీద భద్రత, రెస్క్యూ చూసుకునే స్కీ పెట్రోల్ టీమ్‌తో ఒక మధ్యాహ్నం. ఈ చివరిదే మొత్తం మీటింగ్‌లో అందరూ గుర్తుపెట్టుకున్నది. అవలాంచ్, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడడం, ఎలా మొదలవుతుందో, 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలు మీదే ఎక్కువగా ఎందుకు జారుతుందో కొండని చూపిస్తూ చెప్పారు. తర్వాత 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపే చిన్న ట్రాన్సీవర్లని ఒక సంచిలో పెట్టి మంచులో పూడ్చి, మమ్మల్ని నలుగురేసి గుంపులుగా వెతకమన్నారు. ఒకళ్ళు సిగ్నల్ పట్టుకోవాలి, ఒకళ్ళు పొడుగు కర్రతో గుచ్చి చూడాలి, మిగతావాళ్ళు తవ్వాలి, నిజంగా మనిషి అడుగున ఉంటే ప్రతి నిమిషమూ లెక్కే అని పెట్రోల్ ఆయన వాచీ పట్టుకుని నిలబడ్డాడు. టీమ్ బిల్డింగ్ పేరుతో హోటల్ హాళ్ళలో ఆడించే ఆటలు నాకు ఎప్పుడూ నచ్చవు, ఎందుకు ఆడుతున్నామో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఎందుకో అందరికీ తెలుసు. మా అకౌంట్స్ విభాగం వాళ్ళు, స్కీ వద్దన్నవాళ్ళే, అందరికన్నా ముందు కనిపెట్టారు.

ఎండ సంగతి ఒక్క మాట. చలిగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ వదిలేస్తే ముఖం కాలిపోతుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో ఎనభై శాతం వరకూ తిరిగి పైకి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాసుకోవాలి. ప్రతి రూమ్‌లో ఒక ట్యూబు, పెదాలకి బామ్ పెట్టి ఉంచారు.

ఇప్పుడు గాలి కథ. ఆఖరి రాత్రి భోజనం కొండ మీది రెస్టారెంట్‌లో అనుకున్నాం, గొండోలాలో పైకి వెళ్ళి దీపాల వెలుగులో కిందికి రావడం. ఇలాంటివి బుక్ చేసేటప్పుడు రెండే ప్రశ్నలు అడగాలి: గాలి వల్ల లిఫ్టు ఆగిపోతే ఎన్ని గంటలకి తేలుస్తారు, ఎవరు తేలుస్తారు? అప్పుడు ఆ భోజనం ఎక్కడ జరుగుతుంది? వీళ్ళు రెండింటికీ కాగితం మీద జవాబు ఇచ్చారు. మధ్యాహ్నం రెండింటికి లిఫ్టు విభాగం చెబుతుంది, కింద ఒక హాలు ఆ రాత్రికి మా పేరు మీదే ఖాళీగా ఉంచుతారు, అదనపు అద్దె లేదు. ఆ రోజు పొద్దున్నుంచే పై స్టేషన్ దగ్గర గాలి ఊపేస్తోంది, నాకు టెన్షన్ మొదలైంది. రెండింటికి సరిగ్గా ఫోన్ వచ్చింది, పైకి వెళ్ళడం లేదు అని. సాయంత్రానికి కింది హాలులో బల్లలు, పూలు, మైకు, శాకాహారులకీ అలర్జీలున్నవాళ్ళకీ పెట్టిన పేర్ల కార్డులతో సహా అన్నీ సిద్ధం. వంట అసలు కింద వంటగదిలోనే మొదలవుతుందట, అందుకే ఆహారం ఏదీ వృథా కాలేదు. పైకి వెళ్ళలేదని కొంతమంది బాధపడ్డారు, అది సహజం, కానీ ఎవరూ ఆకలితో ఎదురుచూస్తూ కూర్చోలేదు.

కాంట్రాక్టు దగ్గరే వీళ్ళతో నాకు పేచీ. లిఫ్టు ఆగితే భోజనం కిందికి మారుస్తామని రాసిచ్చినవాళ్ళు, లిఫ్టు పాసుల డబ్బు విషయంలో మాత్రం ఒక్క మాట రాయలేదు. ముందే కొన్న గ్రూప్ పాసులకి, గాలి వల్ల కొండ సగం మూసేసినా పూర్తి డబ్బే. ఎన్నిసార్లు అడిగినా "వాతావరణం మా చేతిలో లేదు" అనేదే జవాబు. మా చేతిలోనూ లేదు కదా! మూసేసిన లిఫ్టుల లెక్క చూసి వేరే రోజుకి పాసు ఇవ్వొచ్చు, మిగతా కార్యక్రమాల బిల్లులో తగ్గించొచ్చు, దారులు చాలా ఉన్నాయి. గట్టిగా అడిగితే చివరికి వచ్చే సీజన్‌లో వాడుకునేలా కొంత క్రెడిట్ ఇస్తామన్నారు, అదీ నోటి మాటగానే.

రూముల క్లాజు కూడా గట్టిగానే బేరమాడాల్సి వచ్చింది. తీసుకున్న రూముల్లో తొంభై శాతం నిండకపోతే మిగతా వాటికి డబ్బు కట్టాలని మొదట రాశారు, దాన్ని ఎనభైకి దించాం. పేర్లు ఇచ్చే ఆఖరి తేదీ తర్వాత వదిలేసిన రూములు వాళ్ళు వేరేవాళ్ళకి అమ్ముకుంటే ఆ మేరకు మాకు తగ్గించాలి అనే వాక్యం కూడా పెట్టించాం, ఇది మీరూ తప్పకుండా అడగండి. భోజనాలకి కనీస మొత్తం ఒకటి ఉంటుంది, దాని మీద సర్వీస్ చార్జీ, పన్ను వేరేగా పడతాయి, కొటేషన్‌లో ఆ మొత్తం పన్నులతో కలిపి ఎంతో ఒక్క అంకెలో రాయించుకోండి. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో మంచు క్రీడలు ఉండవు, కొండ మీంచి దించే రెస్క్యూ ఖర్చు అందులో ఉందో లేదో విడిగా అడగాలి.

రెండో లోటు పెద్ద హాలు. పడమటి గోడంతా అద్దం, కొండ అద్భుతంగా కనిపిస్తుంది, కానీ సాయంత్రం సెషన్ మొదలయ్యేసరికి వాలుతున్న ఎండ మంచు మీద పడి నేరుగా స్క్రీన్ మీదకే వస్తుంది, పల్చటి తెరలు దాన్ని ఆపలేవు. పక్క కారిడార్ స్కీ లాకర్లకి వెళ్ళే దారి, ప్లాస్టిక్ బూట్ల టకటకలు మైకులోంచి కూడా వినపడ్డాయి. రెండో రోజు మేము చిన్న హాళ్ళు రెండింటికి మారాం, అవి చాలా బాగున్నాయి. హాలు చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ మీటింగ్ జరిగే టైమ్‌లోనే వెళ్ళి చూడండి, పొద్దున చూస్తే ఇదేమీ తెలియదు. ఇంటర్నెట్ పగలు బాగానే ఉంది, లిఫ్టులు ఆగి అందరూ రూములకి చేరాక నెమ్మదించింది.

దారి గురించి. కొండ రోడ్డుని అవలాంచ్ ముప్పు తగ్గించే పనుల కోసం గంటల తరబడి ఆపేయడం మామూలే. మా బస్సుల్లో ఒకటి అలాగే ఆగిపోయి బాగా రాత్రయ్యాక చేరింది, అప్పటికీ వంటగది తెరిచి ఉంచి వేడి సూప్, భోజనం పెట్టారు, రూమ్ తాళాలు బస్సు దగ్గరికే తెచ్చి ఇచ్చారు. రాక రోజునా పోక రోజునా ముఖ్యమైన సెషన్ ఏదీ పెట్టకండి.

తేదీల్లో క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, ఫిబ్రవరిలో బడి సెలవుల వారాలు వదిలేయండి, రేట్లూ రద్దీ రెండూ తట్టుకోలేరు. సీజన్ మొదట్లో చవకగా వస్తుంది కానీ మంచుకి హామీ లేదు, కృత్రిమ మంచు తయారు చెయ్యాలన్నా గాలిలో తేమని కూడా కలిపి చూసే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత సుమారు మైనస్ రెండు డిగ్రీలకి దిగాలి. వచ్చే ఏడాదికి జనవరి రెండో వారం, ఆదివారం నుంచి గురువారం దాకా, పెద్ద హాలు లేకుండా చిన్న హాళ్ళు రెండూ, పెట్రోల్ టీమ్ మధ్యాహ్నం ఈసారి అందరికీ అని చెప్పి అదే కో-ఆర్డినేటర్ దగ్గర తేదీలు ఆపించాను. లిఫ్టు పాసుల క్లాజు కాగితం మీదకి వచ్చాకే డిపాజిట్ కడతామని కూడా ఆవిడకి రాశాను.